కండిషనర్ దీక్ష

చెంచమ్మ అనే ఒక అమ్మమ్మ తన మనవరాలి మొహం చూడవచ్చా, చూడకూడదా అన్న సంగతిని ఒక దువ్వెన తేల్చవలసి వచ్చింది. ఇందులో దువ్వెన తప్పేమీ లేదు. చెంచమ్మ తప్పు అసలే లేదు. పోనీ మా పిచ్చుకలకొండ నరసింహస్వామి దేవస్థానం వారి తప్పు అందామంటే నేను అక్కడే గుమాస్తాని, నాకింకా సర్వీసుంది. కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తాను. తప్పెవరిదో మీరే తేల్చుకోండి.

మా కొండ మీద కల్యాణకట్ట ఉంది. మొక్కుకున్నవాళ్లు అక్కడికి వచ్చి తలనీలాలు ఇస్తారు. క్షురకులు గుండు కొడతారు, భక్తులు స్నానం చేసి గుండుకి గంధం రాసుకుని దర్శనానికి పోతారు, జుట్టు గోదాముకు పోతుంది, ఏడాదికి రెండుసార్లు దాన్ని వేలం వేస్తారు. తాతల నాటి నుంచీ ఇదే పద్ధతి. దేవుడికీ భక్తుడికీ మధ్య ఒక మంగలికత్తి తప్ప ఇంకేమీ ఉండేది కాదు.

కిందటేడు వేలానికి వచ్చిన వ్యాపారి ఒకాయన మా జుట్టును గుప్పిట్లోకి తీసుకుని, పిసికి చూసి, పెదవి విరిచాడు.

"షాంపూ జుట్టండీ ఇది. చీపురుపుల్లలు అయిపోయింది. తెలిసినవాళ్లు ఇప్పుడు షాంపూ ముట్టుకోవట్లేదు, వట్టి కండిషనర్‌తోనే తల రుద్దుకుంటున్నారు. ఆ జుట్టు చూడాలి, పట్టుకుచ్చే," అన్నాడు.

బేరం తగ్గించడానికి ఏ వ్యాపారి అయినా అనే మాటే. వంకాయలు కొనేవాడు పుచ్చు వెతకడా? కానీ ఆ మాట మా కార్యనిర్వహణాధికారి అనంత పద్మనాభం గారి చెవిన పడింది. ఆయన చెవిలోకి వెళ్లిన మాట సర్క్యులర్ అయి తప్ప బయటికి రాదు.

వారం తిరక్కుండా నగరం నుంచి ఒక సలహాదారు దిగింది. పేరు నీలాంజన. కేశశాస్త్రంలో ఆవిడ చదివిన చదువు పేరేమిటని నేను మూడుసార్లు అడిగి, మూడుసార్లూ తప్పు రాసుకున్నాను. సమావేశ మందిరంలో ఆవిడ ఒక వెంట్రుకను తెర మీద తాటిచెట్టంత చేసి చూపించింది. వెంట్రుకకు పొలుసులు ఉంటాయట. షాంపూ ఆ పొలుసుల్ని రెచ్చగొడుతుందట, కండిషనర్ బుజ్జగించి పడుకోబెడుతుందట. అంతవరకూ అర్థమైంది. ఆ తర్వాత ఆవిడ వేదాంతంలోకి దిగింది.

"షాంపూ అంటే నురగ. నురగ అంటే ఏమిటి? అహంకారం. పైకి పొంగుతుంది, లోపల ఏమీ ఉండదు. తలనీలాల పరమార్థమే అహంకారాన్ని వదులుకోవడం కదా. మరి నురగతో కడిగిన తలను స్వామికి సమర్పించడంలో ఒక సైద్ధాంతిక వైరుధ్యం మీకు కనిపించడం లేదా?"

మాలో ఎవరికీ అప్పటిదాకా కనిపించలేదు. ఆవిడ చెప్పాక అందరికీ కనిపించింది. పద్మనాభం గారికైతే కళ్లు చెమర్చాయి.

మర్నాడే సర్క్యులర్ వెలువడింది. "ఇందుమూలముగా యావన్మంది భక్తులకు తెలియజేయడమేమనగా, తలనీలాలు సమర్పించదలచిన వారు నలుబదియొక్క దినములు కండిషనర్ దీక్ష స్వీకరించి, సదరు దినములలో షాంపూ, సబ్బు, కుంకుడుకాయ, శీకాయ తదితర నురగ కలిగించు పదార్థములను శిరస్సునకు తాకనీయక, కేవలము కండిషనర్‌తో మాత్రమే తలంటుకొని, తదనంతరము కేశ నాణ్యతా పరీక్షయందు ఉత్తీర్ణులైన పిమ్మటనే కేశఖండనమునకు అర్హులగుదురు." ఈ వాక్యం నేనే రాశాను. ఎక్కడా ఊపిరి తీసుకోవడానికి చోటు లేకుండా వచ్చిందని పద్మనాభం గారు మెచ్చుకున్నారు.

కేశ నాణ్యతా విభాగం అని కొత్తది ఒకటి పెట్టి, దానికి నన్నే అధిపతిని చేశారు. నాకు ముప్పయ్యో ఏటనే తల మొత్తం ఖాళీ అయిపోయింది. "ఈ విషయంలో సదరు ఉద్యోగికి స్వప్రయోజనం ఉండే అవకాశం ఏ కోశానా లేదు" అని ఆర్డరులో రాయించారు. పాతికేళ్లుగా ఇంట్లో వినని ఎగతాళి లేదు గానీ, ప్రభుత్వ భాషలో వినడం అదే మొదలు.

పథకం బ్రహ్మాండంగా మొదలైంది. దీక్ష తీసుకున్నవాళ్లకు గులాబీరంగు కండువా, ఒక కార్డు, దీక్షకు సరిపడా కండిషనర్ డబ్బా. వారానికోసారి దగ్గర్లోని దేవాలయంలో తల చూపించి కార్డు మీద ముద్ర వేయించుకోవాలి. మొదటి పదిరోజుల్లోనే ఫిర్యాదులు గోనెసంచుల్లో వచ్చాయి. అన్నిట్లోనూ ఒకటే మాట, నురగ రావడం లేదని. నకిలీ సరుకు అంటగట్టారని కొందరు, ఉప్పునీళ్ల వల్లేమో అని కొందరు. ఒక ఊళ్లో ఒకాయన నురగ వచ్చేదాకా వదిలేది లేదని డబ్బా మొత్తం ఒకే పూట నెత్తికి రాసుకున్నాడు. తర్వాత రెండు రోజులు ఆయన తలపాగా ఎంత బిగించి కట్టినా మెడ మీదికి జారిపోయిందట. అందరికీ ఒకటే జవాబు పంపాం: "నురగ రాకపోవుటయే దీక్షా విజయమునకు నిదర్శనము."

కొండ మీద కాటేజీల దగ్గర కుళాయిలకు నురగ నిఘా దళాన్ని కాపలా పెట్టాం. వాళ్లు మొదటిరోజే ఒక భక్తుణ్ణి నురగతో సహా పట్టుకొచ్చారు. ఆయన పళ్లు తోముకుంటున్నాడు. పళ్ల నురగ నిబంధన కిందకు వస్తుందా రాదా అని పూటంతా చర్చ జరిగింది. చెవులకు పైభాగాన ఉత్పన్నమగు నురగ మాత్రమే ఉల్లంఘన కిందకు వస్తుందని వివరణ సర్క్యులర్ ఇచ్చి ఆయన్ని వదిలిపెట్టాం. అప్పటిదాకా పాపం నోరు కడుక్కోనివ్వలేదు, సాక్ష్యం పోతుందని.

ఇక పరీక్ష. నీలాంజన గారు ఎక్కడినుంచో పన్నెండు సన్నపళ్ల దువ్వెనలు తెప్పించింది. ఒక్కోదాని మీదా నెంబరు చెక్కించి ఆస్తి రిజిస్టరులో ఎక్కించాం. దువ్వెనను భక్తుడి నడినెత్తిన గుచ్చి చెయ్యి వదిలేయాలి. మూడు సెకన్లలో దానంతటది జారి కింద పడితే పాసు, ఒక్క సెకనులో పడితే ప్రథమశ్రేణి, చిక్కుకుంటే ఫెయిలు. మొట్టమొదటి ప్రథమశ్రేణి ఒక బట్టతల ఆసామికి వచ్చింది. దువ్వెన నెత్తి మీద ఆనడమే ఆలస్యం, కింద పడింది. రూలు ప్రకారం సర్టిఫికెట్ ఇచ్చాం. చెవుల వెనక మిగిలిన నాలుగు వెంట్రుకలూ తీయించుకుని ఆయన సంతోషంగా వెళ్లాడు.

అంతా సవ్యంగా సాగుతుండగా ఎవరూ ఊహించని చిక్కు వచ్చి పడింది. కండిషనర్ పనిచేసింది.

నలభై ఒక్క రోజులు పూర్తిచేసి వచ్చినవాళ్ల జుట్టు నిజంగానే నిగనిగలాడుతోంది. దువ్వెనలు టపటపా రాలుతున్నాయి. కానీ పాసైన ఆడవాళ్లు కల్యాణకట్ట మెట్ల దాకా వచ్చి, జడ ముందుకు వేసుకుని, దాన్ని నిమురుతూ నిలబడిపోతున్నారు. మా దగ్గర ఇంకో పద్ధతి కూడా ఉంది. గుండు వద్దనుకున్న ఆడవాళ్లు జడ చివర మూడు కత్తెరలు ఇస్తే మొక్కు చెల్లినట్టే. పూర్వం పదిమందిలో ఒకరు అలా ఇచ్చేవారు. ఇప్పుడు పదికి పదిమందీ మూడు కత్తెరలే అంటున్నారు. పెళ్లయిన పద్దెనిమిదేళ్లకు మొగుడు తొలిసారి జుట్టు బాగుందన్నాడని, ఈ ఒక్క ఏడాదికి స్వామి క్షమించాలని ఒకామె నా ముందే కళ్లనీళ్లు పెట్టుకుంది. మొగవాళ్లూ తక్కువేం తినలేదు. క్రాఫు ఎగదువ్వుకుంటూ, మళ్లీ వస్తామని కొండ దిగిపోయారు.

మా క్షురకుల్లో పెద్దవాడు తిరుపాలు కత్తి మూసి నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"గుమాస్తా గారూ, పొద్దుట్నించి పదహారు మందికి మూడేసి కత్తెరలు ఏశా. అన్నీ కలిపి కూడినా నా మీసమంత కాలేదు. ఇంక రేపట్నించి నేను రావాల్నా, కత్తెర ఒక్కటే వస్తే చాలునా?" అన్నాడు.

పద్మనాభం గారు అత్యవసర సమావేశం పెట్టారు. "జుట్టు బాగుపడాలన్నది మన లక్ష్యం. బాగుపడింది. కాబట్టి పథకం సంపూర్ణంగా విజయవంతమైంది. ఇక మిగిలింది, జుట్టు రావడం లేదన్న చిన్న కార్యాచరణ సమస్య," అన్నారు.

కార్యాచరణ మొదలైంది. మొదట కాటేజీల్లో అద్దాలన్నీ తీయించాం. జనం కిటికీల్లో చూసుకున్నారు. కిటికీ అద్దాల మీద పాత సర్క్యులర్లు అంటించాం. ఇత్తడి చెంబుల్లో చూసుకున్నారు. తర్వాత ప్రశంసా నివారణ ఉత్తర్వు వచ్చింది. దీక్షాపరుల జుట్టును భర్త గానీ, బంధువులు గానీ, ఇరుగుపొరుగు గానీ మెచ్చుకోరాదు, పొరపాటున మెచ్చుకున్నచో ఆ దినమే దీక్షకు మరల మొదటి దినముగా లెక్కింపబడును. భర్తల చేత హామీపత్రాలు రాయించుకున్నాం. ఎక్కువమంది భర్తలు ఎటువంటి ఇబ్బందీ లేకుండా సంతకం పెట్టారు.

అప్పుడు పాలకమండలి అధ్యక్షుల వారు అధికారులే ఆదర్శంగా నిలవాలని సెలవిచ్చారు. పద్మనాభం గారు అప్పటికే స్వయంగా దీక్ష పూర్తిచేసి ఉన్నారు. ఆయన క్రాఫు సీతాఫలం గింజలా మెరిసిపోతోంది. ఫోటో తీసేవాణ్ణి పిలిపించి, తిరుపాలు ముందు పీట మీద కూర్చున్నారు. తిరుపాలు తల తడపబోయాడు. పద్మనాభం గారు నెత్తి మీద రెండు చేతులూ పెట్టుకుని కాసేపు కళ్లు మూసుకున్నారు.

"మూడు కత్తెరలు చాలు," అన్నారు చివరికి. "మూడోది కాస్త చిన్నదిగా."

సరిగ్గా ఈ రోజుల్లోనే, ఒక మంగళవారం ఉదయం, చెంచమ్మ వచ్చింది. అరవై ఏళ్లకు అటూ ఇటూ ఉంటుంది. మిరపకాయల కల్లాల్లో పనిచేసే మనిషి. ఉప్పలవాగు నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. గుప్పెట పట్టని జుట్టు, సగం నెరిసి, ఉంగరాలు తిరిగి, ముడి వేసినా ముడిలో నిలవకుండా ఉంది.

"కార్డేదమ్మా?" అన్నాను.

"ఏం కారడయ్యా? రేషను కారడు ఇంటికాడుంది."

"అది కాదు. నలభై ఒక్క రోజులు కండిషనర్‌తో తలంటుకున్నట్టు దీక్ష కార్డు."

"అదేందో నాకు తెల్వదు నాయనా. నిన్న కుంకుడుకాయలు కొట్టి శుభ్రంగా రుద్దుకునొచ్చా. దేవుడి కాడికి మురికితల ఏసుకొని వస్తారా ఎవరన్నా?"

కుంకుడుకాయ నురగ పదార్థాల జాబితాలో మూడోది. నేను రూలు చదివి వినిపించి, నలభై ఒక్క రోజుల తర్వాత రమ్మన్నాను. ఆమె బల్లకు అవతల అలాగే నిలబడింది. అప్పుడు చెప్పింది.

ఆమె కూతురు ఈశ్వరికి పెళ్లయిన పదకొండేళ్లకు ఆడపిల్ల పుట్టింది. నెలలు నిండకుండానే పుట్టింది. కిలోంబావు బరువు. ఆసుపత్రిలో అద్దాలపెట్టెలో పెట్టి, చెప్పలేమన్నారు. ఆ రాత్రి చెంచమ్మ మొక్కుకుంది, బిడ్డ బతికి బయటపడితే తలనీలాలు ఇస్తానని, ఇచ్చాకే దాని మొహం చూస్తానని.

"నెల దాటింది అయ్యా. అందరూ గాజుతలుపు కాణ్ణించి చూశారు. నేనూ పొయ్యా రోజూ. కళ్లు మూసుకొని నిలబడ్డా. ముక్కెట్టా ఉంది, చెవులెట్టా ఉండయ్ అని పక్కవాళ్లని అడిగి చెప్పిచ్చుకున్నా. రేపు పదింటికి పంపిస్తన్నారంట. కాన్పు మాది, బిడ్డ వచ్చేది మా ఇంటికే. నా ఇంట్లోకే వస్తంటే నేను యాడికి బోను?"

ఈ ఉద్యోగంలో జాలిపడటం నాకు అలవాటు లేదు. ఆ పూట మాత్రం జాలేసింది. ఫైలు పట్టుకుని పద్మనాభం గారి గదిలోకి వెళ్లి విషయం చెప్పాను.

"మనవరాలిని చూడకూడదని మన సర్క్యులర్‌లో ఎక్కడైనా ఉందా?" అన్నారాయన.

"లేదు సార్."

"మరి అది మన పరిధిలోని అంశం కాదు. ఆమె స్వామివారితో నేరుగా, ద్వైపాక్షికంగా చేసుకున్న ఒప్పందం. ఈ నలభై ఒక్క రోజులూ ఇంట్లో కళ్లకు గంతలు కట్టుకుని తిరగవచ్చు. దేవస్థానానికి అభ్యంతరం లేదని రాసివ్వండి." ఆయన ఫైలు నా వైపు జరిపారు. "ఆమె పట్ల నాకు సానుభూతి ఉంది. అది కూడా నోటు ఫైలులో నమోదు చేయండి."

సానుభూతి నమోదు చేశాను. అభ్యంతరం లేదన్న కాగితం టైపు చేయించి, ముద్ర వేయించి, చేతిలో పట్టుకుని కల్యాణకట్ట దాకా నడిచాను. ఇన్నేళ్లలో నేను జనం చేతుల్లో ఎన్నో కాగితాలు పెట్టాను. కళ్లు మూసుకోవడానికి అనుమతిస్తూ ఇచ్చే కాగితం ఇదే మొదటిది. ఇవ్వలేక జేబులో పెట్టుకున్నాను. సిగ్గుగా ఉంది.

అప్పుడు ఆరో నిబంధన గుర్తొచ్చింది. దీక్ష లేకున్నా, పరీక్షలో ప్రథమశ్రేణి వచ్చినవారిని ప్రత్యేక కేసుగా పరిగణించవచ్చు. బట్టతల ఆసామికి పనికొచ్చింది ఆ నిబంధనే. ఆశ లేకపోయినా చెంచమ్మను పీట మీద కూర్చోబెట్టాం. తిరుపాలు ఏడో నెంబరు దువ్వెన తెచ్చి ఆమె నడినెత్తిన గుచ్చి, చెయ్యి వదిలాడు.

దువ్వెన కదల్లేదు. మూడు సెకన్లయింది, మూడు నిమిషాలయింది. పొలంలో పాతిన హద్దురాయిలాగా అలాగే నిలబడి ఉంది. ఫెయిల్ అని రాశాను. చెంచమ్మ దువ్వెన తీసుకోమన్నట్టు తల వంచింది.

తిరుపాలు దువ్వెన తీయబోయాడు. తీయబోయాడో, ఇంకాస్త మెలిపెట్టాడో నేను చెప్పలేను. ఆ సమయంలో నేను రిజిస్టరు వైపు చూస్తున్నాను. తల ఎత్తేసరికి దువ్వెన పిడి కూడా జుట్టులో మునిగిపోయింది.

"రావట్లేదండీ," అన్నాడు తిరుపాలు చాలా నెమ్మదిగా. "బలంగా లాగితే పళ్లిరుగుతయ్."

"ఇరిగితే?"

"దేవస్థానం ఆస్తి కదండీ మరి. నెంబరున్న వస్తువు."

మేమిద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లం చూసుకోలేదు. నేను మళ్లీ పద్మనాభం గారి గదికి పరుగెత్తాను.

"ఆమె ఫెయిలైంది సార్. కానీ దువ్వెన ఆమె తలలోనే ఉంది."

ఆయన కుర్చీలోంచి లేచారు. ఆస్తి అంటే ఆయనకు ప్రాణం. "దువ్వెనతో సహా ఆమె కొండ దిగడానికి వీల్లేదు. అది కేశ నాణ్యతా విభాగపు చరాస్తి."

"దువ్వెన లేకుండా పంపాలంటే జుట్టు తీయాలి సార్."

"జుట్టు తీస్తే అది కేశఖండనం అవుతుంది. ఫెయిలైన మనిషికి కేశఖండనం ఎలా చేస్తాం?"

"కేశఖండనం కాదు సార్. ఆస్తి స్వాధీనం. దానివెంట జుట్టు రావడం ఆనుషంగికం."

ఆయన ఆ మాటను నోట్లో వేసుకుని చప్పరించినట్టు కాసేపు ఆలోచించారు. "ఆనుషంగికం. బాగుంది. అయితే దువ్వెన చుట్టూ ఉన్నంత మేరకే తీయండి."

"క్షురకుణ్ణి విచారించాను సార్. తలలో ఉన్న ప్రతి వెంట్రుకా ఏదో ఒక విధంగా ఆ దువ్వెనతో సంబంధం కలిగి ఉందని చెబుతున్నాడు."

ఆయన సంతకం చేశారు. "దువ్వెన నెం. 7 స్వాధీన ప్రక్రియకు అనుమతించడమైనది. పళ్లు లెక్కించి నివేదించవలెను."

తిరుపాలు తల తడిపి, కత్తి పెట్టాడు. దువ్వెన మొదటి నిమిషంలోనే వచ్చేసింది. దాన్ని పక్కన పెట్టి, పళ్లు లెక్కపెట్టి, స్వాధీన ప్రక్రియ కొనసాగించాడు. కుడి చెవి వెనకాల, ఎడమ చెవి వెనకాల, మెడ దాకా కొనసాగించాడు. చెంచమ్మ చేతులు జోడించి, పెదవులు కదుపుతూ కూర్చుంది. అంతా అయ్యాక తల తడుముకుని, నా వైపు తిరిగింది.

"అయ్యా, ఇది మొక్కు కిందికి వచ్చిద్దా?"

నాకు అబద్ధం చెప్పాలనిపించలేదు. "కాగితం ప్రకారం రాదమ్మా. ఇది దువ్వెన తీయడం."

తిరుపాలు కత్తి తుడుస్తూ, "కాగితం ఈయనది. కొండ ఆయనది," అని గుడివైపు చూపించాడు. "పోయి స్నానం చేసి గంధం పూసుకో పెద్దమ్మా. రెండింటి బస్సు అందుకో."

ఆమె వెళ్లేటప్పుడు నవ్వుతూ వెళ్లింది. నేను నా బల్ల దగ్గర కూర్చుని చాలాసేపు ఏ ఫైలూ ముట్టుకోలేదు. చాలా రోజుల తర్వాత కల్యాణకట్టలో ఒక పూర్తి గుండు అయింది, అది కూడా రికార్డుల్లో లేదు.

రెండు నెలలకు వేలం వచ్చింది. వ్యాపారులు గోదాము తలుపు తీసి లోపలికి తొంగిచూశారు. ఒక మూల మూడు కత్తెరల తుక్కు అరసంచి ఉంది. ఇంకో మూల బల్ల మీద, "స్వాధీన ప్రక్రియలో వెలువడినవి" అన్న చీటీతో చెంచమ్మ జుట్టు ఒక్క చుట్ట ఉంది.

"ఇంతేనా అండీ?" అన్నాడు కిందటేడు పెదవి విరిచిన వ్యాపారి. "పోనీ ఆ చుట్ట అన్నా ఇప్పించండి."

"అది ఫెయిలైన జుట్టు," అన్నారు పద్మనాభం గారు.

"ఫెయిలైతే నాకేం ఫర్వాలేదండీ. జుట్టేగా."

"మీకు ఫర్వాలేకపోవచ్చు. సంస్థకు ప్రమాణాలంటూ ఉంటాయి."

వ్యాపారులు ప్రసాదం తిని వెళ్లిపోయారు. వాళ్లు కొండ దిగగానే ఆడిట్ వాళ్లు ఎక్కారు. గోదాములో ఉన్న ఆ ఒక్క చుట్టనూ నాలుగు వైపుల నుంచి చూసి, మా సర్క్యులర్ తొమ్మిదో నిబంధన తిరగేశారు. "పరీక్షయందు ఉత్తీర్ణము కాని కేశములు భక్తుని శిరస్సుననే యుండవలెను" అని అందులో ఉంది. అది కూడా నేను రాసిందే. ఆడిట్ అభ్యంతరం ఇలా వచ్చింది: "సదరు కేశములు శిరస్సున గాక గోదామున కనుగొనబడినవి. పూర్వస్థితికి తెచ్చి నివేదించవలెను." అభ్యంతరం తేలేవరకూ పన్నెండు దువ్వెనలనూ సాక్ష్యంగా పెట్టెలో పెట్టి సీలు వేశారు.

దువ్వెనలు లేవు కాబట్టి పరీక్ష లేదు. పరీక్ష లేకపోయేసరికి పాసో ఫెయిలో చెప్పేవాళ్లు లేరు, దీక్ష చేశావా అని అడిగేవాళ్లూ లేరు. జనం పూర్వంలాగే జిడ్డుతలలతో, దుమ్ముతలలతో, కుంకుడుకాయ తలలతో వచ్చి పీట మీద కూర్చుంటున్నారు. తిరుపాలుకు తల ఎత్తే తీరిక లేదు. మళ్లీ కల్యాణకట్టలో గోవిందనామాలు వినిపిస్తుంటే నా ప్రాణానికి హాయిగా ఉంది.

పద్మనాభం గారు మాత్రం నిద్రపోవడం లేదు. ఆ అభ్యంతరం తేల్చి, సీలు తీయించి, పథకాన్ని మళ్లీ పట్టాలెక్కించాలని ఆయన పట్టుదల. "ఆమెకు ఫోను చేయండి. వచ్చి తన కేశాలను వాపసు తీసుకోమనండి. శిరస్సున పునఃస్థాపించుకోవడం, మానడం ఆమె ఇష్టం. తీసుకున్నట్టు వేలిముద్ర ఇస్తే ఫైలు మూసేద్దాం," అన్నారు.

ఫోను చేశాను. చెంచమ్మే ఎత్తింది.

"ఎవురూ?"

"కొండ మీద నుంచమ్మా. దువ్వెన గుమాస్తాని. మీ జుట్టు ఇక్కడ మిగిలిపోయింది, మీరు వచ్చి వాపసు తీసుకోవాలి."

"నేనెవరికిచ్చా అయ్యా జుట్టు?"

"స్వామికి."

"మరి వాపసిచ్చేదానికి నువ్వెవరు?"

నిజానికి ఇది ఆడిట్ వాళ్లు అడగవలసిన ప్రశ్న. "అది కాదమ్మా, ఏదో ఒకటి చెబితే ఫైల్లో రాసుకోవాలి. మీ తరఫున ఎవరన్నా చెప్పినా చాలు," అన్నాను.

"నన్నడుగుతావేంది, ఎవరికోసం ఇచ్చానో దాన్నే అడుగు. ఇదుగో, నా ఒళ్లోనే ఉంది. పొద్దుగూకులూ నా గుండు మీద చేతుల్తో దరువేస్తది. ఇప్పుడే లేచింది, పాలకి." ఫోను ఎక్కడో ఆనిన చప్పుడైంది. "అడుగు, వినపడతది."

అడిగాను. కిలోంబావు బరువుతో పుట్టిన మనిషి ఇచ్చిన జవాబుకి నా చెవి గింగురుమంది. ఫోను చెవికి దూరంగా పట్టుకున్నా పక్క గదిలోంచి పద్మనాభం గారు ఏమిటా గోల అని తొంగిచూశారు. నాకు నవ్వొచ్చింది, కళ్లనీళ్లూ వచ్చాయి. అవి తుడుచుకుని, కలం తీసి, నోటు ఫైలులో ఇలా రాసి పైకి పంపాను.

"సదరు కేశముల వలన లబ్ధి పొందిన వ్యక్తిని ఫోనులో స్వయముగా విచారించడమైనది. సదరు వ్యక్తి బిగ్గరగా, చాలాసేపు ఏడ్చినది. గొంతు మిక్కిలి బలముగా ఉన్నది. వాపసు విషయమున సదరు వ్యక్తి అభిప్రాయమేమో స్పష్టముగా తెలియరాలేదు. సదరు వ్యక్తికి ఇంకను మాటలు రానందున, వచ్చిన పిమ్మట మరల విచారించవలసియున్నది. అంతవరకు ఫైలు తెరచి ఉంచుటకును, దువ్వెనల సీలు యథాతథముగా ఉంచుటకును అనుమతి కోరడమైనది."

మర్నాడు ఫైలు కిందికి వచ్చింది. పద్మనాభం గారు నా ప్రతి వాక్యం కిందా గీత గీసి, చివర పచ్చసిరాతో, "తొందరపెట్టరాదు" అని రాశారు.